ఆరుంపావు

గాజు బల్ల మీద
అరచెయ్యి బోర్లా పెట్టింది ద్రహోమీరా.
"ఆరుంపావు" అంది,
నేనింకా ఏమీ అడగకుండానే.

ప్రాగ్ బస్సు గంటకొకటి ఆగే మా ఊళ్ళో
ఆ అంకెకి అర్థం చెప్పక్కర్లేదు.
చేతితొడుగుల ఫ్యాక్టరీ మూతపడి ఇన్నేళ్ళైనా
ఇక్కడ మనిషిని చేతి సైజుతోనే గుర్తుపెట్టుకుంటారు.
పోస్టుమాస్టరు ఎనిమిదిన్నర.
పోయిన మా ఆవిడ ఏడు.
నేను పదకొండు.
నాకు పట్టే తొడుగు ఆ ఫ్యాక్టరీ కూడా కుట్టలేదు.

ముప్పై ఒక్క ఏళ్ళు మేకతోలు కత్తిరించి
అరవై రెండో ఏట లైసెన్సు పరీక్ష రాసింది.
క్లబ్బు పిస్తోలుతో కాల్చిన అట్ట సంచిలోంచి తీసింది:
చిల్లులన్నీ ఎడమ పక్కనే,
వానకి ఒకే చూరు కిందికి చేరిన కోళ్ళలా.
"నా చూపు తగ్గిందన్నాడు మీ రాదిమ్ కుర్రాడు.
సూదిలో దారం ఇప్పటికీ
దీపం పెట్టకుండా ఎక్కిస్తాను."

నా తప్పు నేను ఒప్పుకోవాలి.
చిన్న చేతికి చిన్న తుపాకి అనుకున్నాను.
ఊదారంగు పిడి ఉన్న బుల్లిదాన్ని దింపి
ఆడవాళ్ళు ఇదే అడుగుతారన్నాను.
స్లైడు లాగి, ఖాళీ చూపించి ఇచ్చాను.
నా మాట నమ్మకుండా
చిటికెనవేలు లోపల పెట్టి తనూ చూసుకుంది. మంచిదే.
తర్వాత అరచేతిలో తూచింది.
"కోడిపిల్ల. పేలినప్పుడు ఆ దెబ్బ ఎవరు మోస్తారు,
ఇది మొయ్యకపోతే?"

క్లబ్బులో వాడే లావుపాటి రకం ఇచ్చాను.
గోడవార ఇసకడబ్బా వైపు గురిపెట్టింది.
ట్రిగ్గర్ అందుకోడానికి
అరచెయ్యంతా పక్కకి జరిగింది,
అటక మీది డబ్బా కోసం
మునివేళ్ళ మీద లేచిన పిల్లలా.
తాకింది వేలి కొసే. గోరంత.
ఆ కొస నొక్కదు, నెడుతుంది.
"ఇదిగో మీ ఎడమ" అంది. కళ్ళ మాట ఎత్తలేదు.

ఇక నన్ను పక్కన నిలబెట్టింది.
మెడలోంచి గుడ్డ టేపు తీసి
బొటనవేలి చీలిక నుంచి
చూపుడువేలి మొదటి మెత్త దాకా కొలుచుకుంది.
తర్వాత నా దుకాణాన్ని కొలిచింది.
పిడి వెనక నుంచి ట్రిగ్గర్ దాకా
పదమూడు పిస్తోళ్ళు,
గాజు మీద సుద్దముక్కతో అంకెలు.
మధ్యాన్నం సూప్ చల్లారిపోయింది.

పద్నాలుగోది కింది అరలో ఉంది.
ఇరవై రెండు క్యాలిబర్, పాత ఉక్కు,
అక్రోటు చెక్క పిడి, కిలోకి కాస్త తక్కువ.
బరువని ఎవరూ కొనక
ధర చీటీయే పసుపెక్కింది.
అది ఆమె చేతిలో కూర్చుంది.
మణికట్టూ గొట్టమూ ఒకే గీత,
ట్రిగ్గర్ మీద వేలి మెత్త.

స్లైడు మాత్రం రాలేదు. అక్కడ నేను పనికొచ్చాను.
"లాగకు. పైదాన్ని గట్టిగా పట్టి ఉంచు,
గొట్టం ఇసక వైపే ఉండాలి,
పిడిని ముందుకి తొయ్యి."
"తోలు సాగదీసినట్టా?"
ఒక్క తోపు.

మ్యాగజీన్ మీటకి బొటనవేలు
బియ్యపుగింజంత దూరంలో ఆగింది.
స్క్రూడ్రైవర్ అడిగి
చెక్క పలకలు రెండూ విప్పి
జేబురుమాల్లో చుట్టుకుపోయింది.
గురువారం తెచ్చింది,
తోలు పలచన చేసే కత్తితో చెక్కి, నూనె పట్టించి.
వేలు అందింది.

శనివారం అట్ట మీద
రెండు చిల్లులు ఇంకా ఎడమకే.
"అవి నావి" అంది, మిగతావి తుపాకివన్నట్టు.

డబ్బు లెక్కపెట్టిచ్చి, వెళ్ళబోతూ
నా చెయ్యి పట్టి టేపు చుట్టింది.
కళ్ళజోడు పైకి తోసి మళ్ళీ చూసింది.
"పదకొండేమిటి, ల్యూబోర్? తొమ్మిదిముప్పావు.
నిన్నెవరు కొలిచారు?"

ఎవరూ కొలవలేదు.
మా నాన్న ఒకసారి, చలికాలం,
దూరం నుంచి చూసి చెప్పాడు.